ఎడమ దవడలో పట్టిన నీళ్ళు

దవడ వాచినప్పుడు పన్నేమో అనుకుని, మా జిల్లా వాళ్ళైతే నీళ్ళ వల్లేమో అనుకుని ఊరుకునేవాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. నా కోసం కూడా రాస్తున్నాను. ఈ మధ్య నాకు జరిగినదాంట్లో సగం నాకింకా సరిగా అర్థం కాలేదు. నలభై ఏళ్ళుగా డైరీ రాసే అలవాటు వల్ల తేదీలన్నీ ఉన్నాయి గాని, ఒకరోజు రాసింది మరొకరోజు రాసినదాన్ని కాదంటోంది. అర్థం కాని చోట అర్థం కాలేదనే రాస్తాను.

మాది దేవరకొండ. తాగునీటి శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఊరూరా తిరిగి బోరు నీళ్ళు ప్లాస్టిక్ సీసాల్లో పట్టుకొచ్చి, నల్లగొండ ల్యాబులో ఫ్లోరైడ్ ఎంతుందో చూసి, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ బోరింగుకు ఎర్ర రంగు వేయించడం నా పని. గారపట్టిన పళ్ళు, వంగిన కాళ్ళు, తిప్పలేని మెడలు చూస్తూ నా ఉద్యోగం గడిచింది. ఊళ్ళలో నన్ను పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. "నీళ్ళ సార్" అనేవాళ్ళు. గొప్పకు చెప్పడం లేదు. నా పొరపాటు అక్కడే మొదలైంది.

ఫిబ్రవరి చివరి వారంలో డైరీలో ఇలా ఉంది: "ఎడమ కింది దవడ, వెనక పన్ను పక్కన ఉప్పటి రుచి. నీళ్ళ వల్ల కావచ్చు."

అప్పటికే మా వీధికి నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. అయినా అనుమానం తీరక ఒక సీసా పట్టి, ల్యాబులో తెలిసినవాళ్ళకు పంపించాను. నీళ్ళు బాగానే ఉన్నాయన్నారు. అక్కడ ఆగవలసింది. నేను ఆగలేదు. ఇప్పటి నీళ్ళు మంచివైనా చిన్నప్పటి నుంచి తాగిన బావి నీళ్ళ ఫ్లోరైడ్ ఎముకలో ఉండిపోతుంది కదా అని రాసుకున్నాను. చాయలోనూ ఫ్లోరైడ్ ఉంటుందని చాయ మానేశాను. చింతపండు దాన్ని ఒంట్లోంచి బయటికి పంపుతుందని, ఎక్కువ వాడమని మా ఇంటామె ఈశ్వరమ్మకు చెప్పాను. ప్రతి ఆదివారం ఉదయం చెవి కింది నుంచి గదమ, అంటే గడ్డం కొన దాకా దారం పెట్టి రెండు వైపులా కొలిచి రాశాను. మేలో ఎడమ దారం కుడిదాని కంటే వేలి వెడల్పంత పొడవైంది. వాపు పెరగడాన్ని అంత శ్రద్ధగా రాసినవాడిని, ఎవరికైనా చూపించాలని మాత్రం ఎక్కడా రాసుకోలేదు. ఎందుకో తెలియదు.

జూన్‌లో మా బామ్మర్ది యాదయ్య పత్తి విత్తనాలకు దేవరకొండ వచ్చి, ఇంట్లో అడుగు పెడుతూనే నా ముఖం చూసి ఆగిపోయాడు.

"ఏంది బావా, దౌడ గంత ఉబ్బింది? అక్క గిట్ల కొట్టిందా?"

"కొట్టెదాన్నైతే ఎన్నడో కొట్టేదాన్ని," అంది లోపలి నుంచి ఈశ్వరమ్మ. "నాలుగు నెల్ల సంది మొత్తుకుంటున్న. దారం పెట్టి కొల్సుకుంటుండు గని దవాఖానకు పోడు. దర్జీ ఓలె."

ఆ మాటకు రోషమొచ్చి మరునాడే ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసు ఆయన. వేలితో దవడ బయట నొక్కి, లోపల నొక్కి, "ఒక్క పెద్ద ఎక్స్‌రే ఫోటో తీపియ్యుండ్రి సార్. నల్లగొండల తీస్తరు. రెండు దౌడలు ఒక్కదాంట్లనే కనవడ్తయ్," అన్నాడు. ఎముకలో ఫ్లోరైడ్ ఎలా చేరుతుందో నేను ఆయనకు పది నిమిషాలు చెప్పాను. ఆయన తండ్రి పొలంలో బోరు నీళ్ళు ఒకప్పుడు నేనే పరీక్షించానట. "మీకు తెల్వందేముంది సార్," అని వారం రోజులకు గోలీలు రాసిచ్చాడు. కొంచెం తగ్గినట్టే అనిపించింది. "తగ్గింది" అని రాసి కింద గీత కూడా గీశాను. ఆయన నన్ను గౌరవించకుండా గదమాయించి ఉంటే బాగుండేది.

వర్షాకాలం రెండో సగమంతా నా రాతలు పొంతన లేకుండా ఉన్నాయి. "నొప్పి లేదు", "నొప్పి ఉంది", "నొప్పి ఉందో లేదో తెలియడం లేదు." ఆ మూడోది నిజం. ఒక ఉదయం గంజి తాగుతుంటే ఈశ్వరమ్మ కొంగుతో నా గదమ తుడిచింది. గంజి కారుతున్నట్టు నాకు తెలియనే లేదు. కింది పెదవి ఎడమ సగం నాది కానట్టుగా ఉంది. వెనక పన్ను నాలుకతో తోస్తే కదిలింది. ఈశ్వరమ్మ గిన్నె కింద పెట్టి చౌటుప్పల్‌లో ఉండే మా బిడ్డ సరితకు ఫోన్ చేసింది.

సరిత మరునాడు పదింటికల్లా వచ్చింది. ఆమె బడిలో లెక్కల టీచరు, ఎక్కువ మాట్లాడదు. "నాయినా, అంగీ ఏస్కో," అంది. "ఈ నీళ్ళ ముచ్చట బస్సుల చెప్పు, ఇంట."

బస్సులో నేనూ చెప్పలేదు, తనూ అడగలేదు.

హైదరాబాదులో ఒక పళ్ళ కాలేజీ ఆసుపత్రి. చీటీ రాయించుకుని పొడవాటి వరండాలో బల్లల మీద కూర్చున్నాం. అక్కడ అందరూ చెంపకు తువ్వాలో, కొంగో, అరచేయో ఆనించుకుని ఉన్నారు. మాట్లాడితే పళ్ళ మధ్య నుంచి మాట్లాడుతున్నారు. ముప్పై మంది ఉన్న చోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. ఎక్స్‌రే గదిలో నిలబెట్టి, గదమ ఒక పీట మీద పెట్టించి, తల చుట్టూ ఒక యంత్రం తిప్పారు. ఆ ఫోటో చేతికి రాగానే కిటికీ వెలుగుకు పెట్టి చూశాను. కుడి దవడ తెల్లగా ఉంది. ఎడమ దవడలో, వెనక పన్ను నుంచి చెవి దగ్గరి దాకా నల్లటి ఖాళీ. చుట్టూ సన్నటి తెల్ల గీత మాత్రమే మిగిలింది. తలకిందులుగా పట్టుకున్నానేమోనని ఒకసారి తిప్పి కూడా చూశాను.

మమ్మల్ని చూసిన డాక్టరు పేరు మౌనిక. మహబూబ్‌నగర్ అమ్మాయి, అక్కడే పై చదువు చదువుతోంది. దవడలో వచ్చే తిత్తులు, కణితులు, వాటికి చేసే ఆపరేషన్లు, ఏది తిరిగి వస్తుంది, ఏది రాదు అన్నదాని మీద పరిశోధన గ్రంథం రాస్తోందట.

"ఫ్లోరైడ్ వల్లనే కదమ్మా?" అని అడిగాను.

ఆమె నవ్వలేదు. "మీ నల్లగొండ పేషెంట్లు అందరు ముందు గదే అడుగుతరు సార్. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముక ఎట్లయితది?"

"గట్టిపడుతది. మందమైతది."

"మరి ఈడ ఎట్లున్నది?"

నేను ఫోటో వంక చూశాను. ఆ పాఠం ఎన్నో బడుల్లో పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పినవాడిని. ఎముక బోలుగా ఉంది. ఏడు నెలలుగా ఆ మాట నా తలలోకి రాలేదు. తెలిసినదే ఎందుకు తోచలేదో ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను. సరిత నా భుజం మీద చెయ్యి వేసింది. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. ఫలితానికి రెండు వారాలన్నారు. ఆ పద్నాలుగు రోజులకు డైరీలో పద్నాలుగు పేజీలున్నాయి. చాలా పేజీల్లో వాతావరణం తప్ప మరేం లేదు. ఇంట్లో క్యాన్సర్ అన్న మాట ఎవరమూ అనలేదు. యాదయ్య రోజూ ఫోన్ చేసి వానల గురించి అడిగేవాడు. వానలు తన ఊళ్ళోనూ పడుతున్నాయన్న సంగతి మరిచిపోయినట్టుగా.

ఫలితం వచ్చింది. క్యాన్సర్ కాదు. సరిత అక్కడే బల్ల మీద కూర్చుని ఏడ్చింది. నాకు మాత్రం ఏమైందో సరిగా అర్థం కాలేదు.

"తిత్తి సార్," అంది మౌనిక. "లోపల నీళ్ళ తీరు ఉండదు, మీగడ తీరు ఉంటది. గని ఇది మాములు తిత్తి గాదు. ఎముకను తింటది. తీసేసినా మల్ల రావచ్చు. మా పుస్తకాలల్ల మొదలు తిత్తి అనేటోళ్ళు, తర్వాత కొన్నేండ్లు కణితి అన్నరు, ఇప్పుడు మల్ల తిత్తే అంటున్నరు."

"మరి నాకున్నది ఏదమ్మా?"

"మీకున్నది మారలే సార్. దాన్ని పిలిచే పేరే మారింది."

ఆ జవాబు డైరీలో రాసుకుని చాలాసార్లు చదివాను. ఊరట కలిగిందో భయం వేసిందో చెప్పలేను.

తర్వాత పెద్ద డాక్టరు గారి గదికి తీసుకెళ్ళారు. ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, ఆ వైపు దవడ ఎముకను మొత్తం కోసి తీసేసి, కాలి నుంచి ఎముక తెచ్చి పెట్టడం. తిరిగి వచ్చే భయం తక్కువ. రెండోది, తిత్తికి చిన్న కంత పెట్టి, దాంట్లో గొట్టం కుట్టి, నెలల తరబడి కడుగుతూ అది చిన్నదయ్యాక తీసేయడం. దవడ మిగులుతుంది, కాని తిరిగి రావచ్చు. ఏళ్ళ తరబడి చూపించుకుంటూ ఉండాలి. "ఇప్పుడు ఆ ఎముక కోడిగుడ్డు పెంకంత ఉంది పెద్దాయనా. ఎడమవైపు ఏమీ నమలొద్దు. విరిగితే ఇక ఎంచుకునేందుకు ఏమీ ఉండదు," అన్నారు. పది రోజుల్లో ఏదో ఒకటి చెప్పమన్నారు.

నేను వరండాలోకి వచ్చి కూర్చున్నాను. పక్కన ఒకాయన, పేరు బాలయ్య, కల్వకుర్తిలో ట్రాక్టర్ మెకానిక్. మూడేళ్ళ కింద ఆయనకు దవడ సగం తీశారట, చూపించుకోవడానికి వచ్చాడు. అడగకుండానే ప్యాంటు అంచు పైకి లాగి పిక్క మీద పొడవాటి గీత చూపించాడు.

"ఈ కాల్ల ఎముకనే ఈడ పెట్టిన్రన్నా. గిప్పుడు నీతోని మాట్లాడుతున్నది నా కాలే."

సరితకు కూడా నవ్వొచ్చింది. ఆయన ముఖం ఒకవైపు కొంచెం లోపలికి పోయింది, మాట కొంచెం మెత్తబడింది, అంతే. "ఏం ఫికర్ చెయ్యకు. కోయిచ్చుకో. ఒక్కపారి కష్టం, తర్వాత మనసు నిమ్మలం," అన్నాడు. వెళ్తూ తన సంచిలోని అరటిపండ్లు రెండు నా ఒళ్ళో పెట్టాడు. "మెత్తటియి, తినొచ్చు."

ఆయనను చూశాక కోయించుకోవడమే మేలనిపించింది. బస్సు ఎల్బీనగర్ దాటేసరికి వద్దనిపించింది.

ఇంట్లో ఆ పది రోజులు మా ముగ్గురి మధ్య ఎప్పుడూ లేని ఎడం వచ్చింది. సరిత కోయించమంది. "మల్లమల్ల వచ్చెడిదాన్ని ఇంట్ల పెట్టుకుంటమా నాయినా?" ఈశ్వరమ్మ ససేమిరా అంది. "కాలు కోసి నోట్లె పెడ్తరట! డెబ్బయ్యేండ్ల మనిషికి రెండు దిక్కుల గాయం చేస్తరా?" ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి నాతో మాట్లాడేవాళ్ళు. నేను నా పద్ధతిలో ఒక కాగితం మీద రెండు నిలువు గీతలు గీసి లాభనష్టాలు రాశాను. సాయంత్రానికి రెండు వైపులా ఒకే సంఖ్యలో ఉన్నాయి. మరునాడు ఒకటి కొట్టేశాను. ఆ మరునాడు మళ్ళీ రాశాను. నీళ్ళకైతే ఒకటిన్నర అని ఒక అంకె ఉండేది. దాని కింద ఉంటే తాగొచ్చు, పైన ఉంటే తాగొద్దు. దీనికి అలాంటి అంకె ఏదీ నాకెవరూ ఇవ్వలేదు.

ఎనిమిదో రోజు మౌనికకే ఫోన్ చేశాను. "అమ్మా, నీ పరిశోధనలో ఏం తేలింది? ఏది మంచిది?"

"నేను చూసిన పాత కేసులల్ల కొన్ని తిరిగొచ్చినయ్, కొన్ని రాలే. ఎందుకన్నది పూర్తిగ తెల్వదు సార్. తెలిస్తే నేను రాసుడు ఎందుకు? ఒక్కటి చెప్పగల్గుత. గొట్టం పెట్టినంక పని కాకుంటే అప్పుడు కోయొచ్చు. కోసినంక మాత్రం దౌడ వాపస్ రాదు."

అది నేను రాసిన రెండు గీతల కాగితంలో లేదు. అందుకే గొట్టమే అన్నాను. సరిత నాలుగు రోజులు ఫోన్ చేయలేదు. నిర్ణయం సరైందని అనుకున్నందువల్ల తీసుకోలేదు. వెనక్కి రాలేని దారి ముందుగా పట్టొద్దనుకున్నాను, అంతే.

నవంబరులో గొట్టం కుట్టారు. చిటికెన వేలు గోరంత ప్లాస్టిక్ ముక్క. రోజూ రెండుసార్లు కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు సిరంజితో అందులోకి ఎక్కించి కడగాలి. ఆ పని నాకు చేతనైనది. మొదటి రోజు నీళ్ళు నెమ్మదిగా ఎక్కిస్తూ, ఎప్పుడు బయటికి పొంగుతాయో చూసి రాశాను: పన్నెండు మిల్లీలీటర్లు. నా దవడలో అంత ఖాళీ ఉందన్నమాట. అప్పటి నుంచి ప్రతి ఉదయం ఆ అంకె రాయడం మొదలుపెట్టాను. డిసెంబరులో పది, సంక్రాంతి ముందు తొమ్మిది, ఫిబ్రవరిలో ఏడు. ఈశ్వరమ్మ అద్దం పట్టుకుని నిలబడేది. "ఎంతొచ్చింది?" అని అడిగి, తగ్గితే తలూపి పోయేది, తగ్గకపోతే అద్దం అక్కడే పెట్టి పోయేది.

మార్చి మొదటి వారంలో అంకె పదికి పెరిగింది. మరునాడు పది. ఆ మరునాడు పదకొండు.

సరితకు చెబితే, "చెప్పిన గద నాయినా" అంటుందని చెప్పలేదు. ఈశ్వరమ్మకు "ఏడే" అని అబద్ధం చెప్పాను. డైరీలో మాత్రం పదకొండు అనే రాశాను. ఒక్కడినే బస్సెక్కి వెళ్ళాను. బస్సులో కూర్చోవడానికి జాగా లేదు. నా ముఖం చూసిన కండక్టరు, ఎవరో ఏమో, తన సీటు నాకిచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అప్పుడు నాకు కన్నీళ్ళొచ్చాయి. జబ్బుకు రాలేదు, దానికెందుకొచ్చాయో!

మౌనిక గొట్టం చూసి, ఫోటో తీయించి, పాతదాని పక్కన పెట్టింది. నల్లటి జాగా చిన్నదైంది. చుట్టూ తెల్ల గీత లావైంది.

"మరి పదకొండెట్లొచ్చిందమ్మా?"

"గొట్టం అంచు లేసింది సార్. నీళ్ళు పక్కపొంటి నాలుక కిందికి పోతున్నయ్. మీరు నోట్లెకు పోయినయ్ గూడ లెక్కేసిన్రు." నా పుస్తకం తీసుకుని అంకెలన్నీ చూసింది. "ఇంత బాగ ఎవ్వరు రాయరు. గని మేము వీటిని నమ్మం సార్, ఫోటోనే నమ్ముతం. మీరు జర అద్దంల చూసుడు తగ్గియ్యుండ్రి."

గొట్టం సరిచేశారు. ఆ తర్వాత కూడా అంకెలు రాశాను. నమ్మాలో వద్దో తెలియకుండా రాశాను. ఇంటికి పోయి ఈశ్వరమ్మకు అబద్ధం ఒప్పుకుంటే, "ఏడుకు గంత మొఖం పెడ్తరా ఎవరన్న? నాకు తెలుసు," అంది.

ఆగస్టులో మిగిలిన తిత్తిని తీశారు. గంటన్నర పట్టిందట. తెలివి వచ్చేసరికి సరిత కుర్చీలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నేను కళ్ళు తెరవగానే ఎర్ర పెన్ను కింద పెట్టి, చెంప మీది కట్టును చేత్తో తాకి చూసింది. "ఉన్నది నాయినా. దౌడ ఉన్నది," అంది. ఆ క్షణంలో సగం మత్తులో ఉన్నాను. నిజంగా అన్నదో, నేను అనుకున్నానో కూడా ఖచ్చితంగా చెప్పలేను. ఆ తర్వాత అడగలేదు.

మొన్న పోయిన నెలలో, ఆపరేషనై ఏడాది దాటాక, కొత్త ఫోటో తీశారు. మౌనిక చదువు అయిపోయి మహబూబ్‌నగర్ వెళ్ళిపోయింది. పెద్ద డాక్టరు గారే చూశారు. నల్లగా ఉన్న చోటు చాలావరకు తెల్లబడింది. పైన, చెవి దిక్కున ఒక మూల మాత్రం మినపగింజంత మచ్చ ఉంది.

"అది మామూలు ఎముక గుల్లే కావచ్చు. మళ్ళీ వస్తున్నదీ కావచ్చు. ఆరు నెలలకు చూద్దాం. ఎముక మాత్రం గట్టిపడింది. ఇక ఏమైనా నమలొచ్చు," అన్నారు ఆయన.

తిరుగు ప్రయాణంలో ఎల్బీనగర్‌లో చౌటుప్పల్ బస్సెక్కబోతూ సరిత అడిగింది. "అమ్మకు ఏం చెప్తవ్? మంచిగైందంటవా, కాలేదంటవా?"

దేవరకొండ చేరే దాకా ఆలోచించాను. చదివేవాళ్ళకు కూడా నేను చెప్పగలిగింది ఇంతకంటే ఎక్కువ లేదు. వాపు కనబడితే కారణం మీరే నిర్ణయించుకోకండి, ముందు ఫోటో తీయించుకోండి. ఆ తర్వాత ఏ దారి మంచిదంటే, నాకు తెలియదు. నేను పట్టిన దారి సరైనదో కాదో ఆ మినపగింజంత మచ్చ చెప్పాలి.

ఈశ్వరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె పల్లీలు వేయిస్తోంది. పూర్తిగా విని, పొయ్యి ఆపి, పొట్టు ఊది నాలుగు గింజలు నా చేతిలో పెట్టింది.

"ఆరు నెల్లకు ఏమైతదో ఆరు నెల్లకు చూద్దం. గిప్పుడు ఎడమ దిక్కు నమిలి చూపియ్యి."

ఒకటి ఎడమవైపు పెట్టుకున్నాను. దాదాపు రెండేళ్ళయింది అటువైపు ఏదైనా కొరికి. మెల్లగా నొక్కాను. పటుక్కుమంది. ఇద్దరం కదలకుండా ఉండిపోయాం. ఆమె నా ముఖం వంకే చూస్తోంది. నేను నాలుకతో లోపలంతా తడిమి చూశాను.

విరిగింది పల్లీయే.